నాలుగు మూలలా పసుపు

బైరాగి బావ నోట్లకి ఇస్త్రీ చేస్తాడు. వినగానే మీకు నవ్వొస్తుంది. మొదట్లో నాకూ వచ్చింది. కూరలవాడు చిల్లరగా ఇచ్చిన నలిగిపోయిన పది రూపాయల నోటుని ఇంటికి తెచ్చి, మంచం మీద పరిచి, మడతలు బొటనవేలితో సాపు చేసి, మా ఇస్త్రీ పెట్టె అడిగి పట్టుకెళ్ళి, పైన గుడ్డ కప్పి మరీ నొక్కుతాడు. మర్నాడు అది చేపల బజారులో తడిచేతుల్లోకి పోతుందని తెలిసినా మానడు. నేను కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లోనే పుట్టి పెరిగి, కార్పొరేషన్ నీళ్ల విభాగంలో చేసి రిటైరైనవాణ్ణి. నోటుకి అంత మర్యాద చేసే మనిషిని నా జన్మలో చూడలేదు.

అది పిచ్చి కాదు, వాళ్ళ దేశపు అలవాటని తర్వాత తెలిసింది. వాళ్ళ దేశం బర్మా. అక్కడ డాలరు నోటు ఇస్తే తీసుకునేవాడు దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తాడట. మధ్యలో మడత కనిపిస్తే వద్దంటాడు. పెన్ను గీత, రబ్బరు ముద్ర, చెమట మరక, సూది బెజ్జం, ఏది ఉన్నా వద్దంటాడు. అందుకని డాలర్లున్నవాళ్ళు వాటిని జేబులో పెట్టుకోరు, పుస్తకాల మధ్యా అద్దాల మధ్యా పడుకోబెడతారు. బాలింత దగ్గర్నుంచి బిడ్డని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంటారు. అలా అలవాటైన చేతులకి మన రూపాయి వచ్చినా అదే వాటం.

బర్మావాడు నాకు బావ ఎలా అయ్యాడంటే, మా తాతా వాళ్ళ తాతా బారువ దగ్గర ఒకే ఊరివాళ్ళు. వాళ్ళ తాత రంగం, అంటే రంగూన్, వెళ్ళే ఓడెక్కాడు. మా తాత కలకత్తా రైలెక్కాడు. వంద ఏళ్ళ తర్వాత బైరాగి బావ భార్య అప్పలలక్ష్మికి గుండె జబ్బు చేసి, వైద్యానికని బర్మాలోని మౌల్మేన్ నుంచి ఇక్కడికొచ్చి, ఇంటిపేరు చెప్పి వాకబు చేసుకుంటూ మా గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరూ నాదీ ఒకటే. మా ఆవిడ అమ్మన్నమ్మ అప్పటికప్పుడు "వదినా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నాకు అప్ప, అంటే అక్క, అయింది ఆవిడ, నేను తమ్ముణ్ణయ్యాను. మా తాత కాలం నుంచీ ఉన్న అద్దె వాటాలో వీధి వైపు గది ఖాళీగా ఉంటే అందులో దిగారు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చారు. అది కరోనాకి ముందు ఏడాది.

కరోనా వచ్చి విమానాలు ఆగాయి. అది తగ్గేసరికి వాళ్ళ దేశంలో సైన్యం గద్దెనెక్కింది. ఆ తర్వాత వాళ్ళ డబ్బు పడడం మొదలుపెట్టింది. క్యాట్ అని రాస్తారట, చాట్ అంటారు. బావ రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ పెన్షనూ, మౌల్మేన్‌లో సొంత ఇల్లు ఒక ఎండుచేపల వ్యాపారికి అద్దెకిచ్చిన డబ్బూ, ఈ రెండే ఆధారం. రెండూ చాట్లలోనే. వాళ్ళొచ్చినప్పుడు రూపాయికి ఇరవై చాట్లు. ఇప్పుడు యాభై దాటి పైపైకి పోతోంది. అంటే అక్కడ పెన్షన్ తగ్గలేదు, అద్దె తగ్గలేదు, ఎవరూ ఏమీ ఎగ్గొట్టలేదు. ఇక్కడికొచ్చేసరికి మాత్రం మూడు చేపలు ఒక చేప అవుతోంది.

నా పెన్షన్ గురించి నేను రోజూ సణుక్కునేవాణ్ణి. కరువు భత్యం సరిగ్గా పెంచడం లేదని యూనియన్ ఆఫీసులో బల్ల కొట్టి మాట్లాడేవాణ్ణి. బావ వచ్చాక సణగడం మానేశాను. పెరగడం లేదని ఏడిచేవాడు, తన తప్పేమీ లేకుండా నెలనెలా కరిగిపోతున్నవాడి ముందు నోరెలా విప్పుతాడు? ఎవర్ని తిట్టాలో నాకైతే తెలుసు, పేర్లతో సహా. అతనికి తిట్టుకోవడానికి కూడా మనిషి లేడు.

పైగా వాళ్ళిద్దరూ ఇక్కడ విదేశీయులు. మా కంటే చక్కని సిక్కోలు మాట మాట్లాడతారు. మా మనవలు తెలుగు చదవలేక నీళ్ళు నములుతుంటే అప్ప పంచాంగం గడగడా చదువుతుంది. అయినా ఆసుపత్రిలో వాళ్ళది విదేశీయుల కౌంటరు, విదేశీయుల రేటు. ఏడాదికోసారి ఉండడానికి అనుమతి పొడిగించుకోవాలంటే ఆసుపత్రి కాగితం కావాలి. ఆ కాగితం కావాలంటే పరీక్షలన్నీ మళ్ళీ చేయించాలి. పరీక్షలకి డబ్బు కావాలి. ప్రతి ఏడూ అక్కడే చిక్కుపడేది. నేను గది అద్దె తీసుకోవడం మానేశాను. అంతకు మించి నా చేతిలో ఏముంది? అప్పకి పూటకో మాత్ర వెయ్యమని డాక్టరు రాశాడు. రాత్రి మాత్ర ఎప్పుడు మానేశారో మాకు చెప్పనేలేదు. ఒకరోజు మందుల డబ్బా చూసి అమ్మన్నమ్మే కనిపెట్టింది.

ఇంత ఇబ్బందిలోనూ బావ ముట్టుకోని డబ్బు ఒకటుంది. వాళ్ళ నాన్న ఫొటో పటం వెనక, అట్టకీ అద్దానికీ మధ్య, పది నోట్లు. నూరేసి డాలర్లవి. మౌల్మేన్‌లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆ చేపల వ్యాపారి అడ్వాన్సుగా ఇచ్చినవి. ఒప్పందం ఏమిటంటే, అవే రకం నోట్లు, మడతా మరకా లేకుండా వెనక్కిచ్చిన రోజున ఇల్లు ఖాళీ చేస్తాడు. అంతవరకూ ఇల్లు అతనిదే. "అయి డబ్బులు కావు బావా, మా ఇంటి తాళంసెవి" అనేవాడు బైరాగి బావ. నిరుడు అప్పకి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో పెట్టినప్పుడు కూడా చేతి ఉంగరం అమ్మాడు గాని ఆ పటం గోడ మీంచి దించలేదు. నాకు కోపం వచ్చింది, అడిగేశాను కూడా. మనిషి కంటే ఇల్లు ఎక్కువా అని. రేపు ఆవిణ్ణి తీసుకెళ్ళి ఎక్కడ పడుకోబెట్టమంటావని తిరిగి అడిగాడు.

ఇక మా అమ్మన్నమ్మ సంగతి చెప్పాలి. ఆవిడకి శుక్రవారం పూజంటే ప్రాణం. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ప్రతి నెలా జీతంలో మొదటి నోటుకి నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు పెట్టాకే ఖర్చుకి తీస్తుంది. పెళ్ళి శుభలేఖకి పెట్టినట్టు, కొత్త బట్టకి పెట్టినట్టు. కిరాణా కొట్టు నడిపే బెంగాలీ దాదా మా నోటు చూడగానే గుర్తుపట్టి నవ్వుతాడు. దీపావళి వెళ్ళాక ఒకరోజు అప్ప దిగులుగా కూర్చుంటే ఆవిడ ధైర్యం చెప్పబోయింది. మీ డబ్బుకి ఎవరూ పసుపు పెట్టక పడిపోతోంది వదినా, మా ఆయన పెన్షన్ చూడు, పెరిగితే పెరుగుతుంది గాని ఎన్నడైనా తగ్గిందా అంది. కార్పొరేషన్ పెన్షన్‌కీ పసుపుకీ ఏమిటే సంబంధం అని నేను అరిచాను. నా మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనక.

అప్ప దగ్గర ఒక చాట్ల నోటు మిగిలి ఉంది, అయిదువేలది. దాని మీద తెల్ల ఏనుగు బొమ్మ ఉంటుంది. లక్ష్మీదేవికి అటూ ఇటూ ఏనుగులుంటాయి గదా అని ఆవిడ ముచ్చటపడింది. ఆ నోటుకి నాలుగు మూలలా పసుపు రాసి, ఏనుగు నుదుట బొట్టు పెట్టి, ప్రతి శుక్రవారం పూజ చేయడం మొదలుపెట్టింది. శనివారం పొద్దున్నే మౌల్మేన్ నుంచి బావ అన్న కొడుకు జయదేవ్ ఫోన్ చేసి ఆ వారం రేటు చెబుతాడు. బావ ఫోన్ పెట్టేయగానే ఆవిడ మంచం మీంచే అడిగేది.

"మన డబ్బులెలగున్నాయి?"

"కొంచిం లేసినాది" అనేవాడు బావ.

లేవలేదు. ఏ వారమూ లేవలేదు. ఇంకొంచెం పడింది, లేదా పడినచోటే ఉంది. నేను పక్కగదిలోంచి విని ఒకరోజు అతన్ని వీధి మలుపు దాకా తీసుకెళ్ళి గట్టిగానే చివాట్లు పెట్టాను. జబ్బు మనిషికి అబద్ధాలు చెప్పి ఏం బావుకుంటావయ్యా అన్నాను. బావ లుంగీ ముడి సర్దుకున్నాడు.

"రాత్రి మాత్ర కొననేకపోతన్నాను బావా. మాటకైతే డబ్బులవ్వు గదా" అన్నాడు.

ఆ తర్వాత నేను మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. అప్ప మాత్రం వారం వారం తేటపడింది. పసుపు పనిచేస్తోందని మా ఆవిడతో చెప్పుకుని మురిసిపోయింది. మా ఆవిడ నాకేసి విజయగర్వంతో చూసేది.

మాఘమాసంలో బావ ఒక నిర్ణయానికొచ్చాడు. మార్చి ఆఖరుతో అనుమతి అయిపోతుంది. పొడిగించుకునే స్తోమతు లేదు. మౌల్మేన్‌లో గుండె డాక్టరు లేడు, ఉన్న ఆసుపత్రిలో మందులు లేవు, కాని సొంత గోడలున్నాయి, చాట్లు అక్కడ చాట్లే. ఇక్కడ ఒక చేపకి సరిపడేది అక్కడ కనీసం రెండింటికి వస్తుంది. అప్పకి వెళ్ళాలని లేదు. ఇక్కడి డాక్టరు చెయ్యి మంచిదని ఆవిడ నమ్మకం. అయినా ఎదురు చెప్పలేదు. రెండు గాజులు తీసి ఇచ్చింది. బౌబజార్‌లో అవి అమ్మి విమానం టిక్కెట్లు కొన్నాడు. వెనక్కి తీసుకోని రకం టిక్కెట్లు, చవగ్గా వస్తాయని.

టిక్కెట్లు వచ్చిన రోజు మధ్యాహ్నం బావ గోడ మీంచి వాళ్ళ నాన్న పటం దించాడు. నోట్లు మడత పడకుండా ఏ పుస్తకంలో పెట్టి తీసుకెళ్ళాలో చూసుకుందామని. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చిన్న మేకులు ఒక్కొక్కటీ ఊడదీసి, అట్ట పక్కకి తీసి, పై నోటుని రెండు చేతులతో ఎత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయాడు.

నాలుగు మూలలా పసుపు. మధ్యలో నోటు మీది బట్టతల పెద్దమనిషి నుదుట, ముత్తయిదువకి పెట్టినంత శ్రద్ధగా, గుండ్రటి కుంకుమ బొట్టు. కింద నోటుకీ అంతే. దాని కింద నోటుకీ అంతే. పదింటికీ.

దేవుడు నన్ను క్షమించాలి, నాకు ముందు నవ్వే వచ్చింది. తర్వాత బావ మొహం చూశాను.

అప్ప మంచం మీద లేచి కూర్చుంది. పట్టుబడిపోయిన చిన్నపిల్లలా సిగ్గుపడుతూ నవ్వింది. "మీకు సెప్తే వొద్దంటారని సెప్పనేదు. ఆ ఏనుగు నోటుకి పెడితే వారం వారం లేస్తన్నాది గదా, ఇయ్యెందుకు అలగ ఒగ్గీడమని పోయిన శుక్కురోరం పెట్టినాను" అంది.

నోట్లకి మరకుండకూడదని ఆవిడకి తెలియదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను తర్వాత. మరకుండకూడదని తెలుసు. పసుపూ కుంకుమా మరకలని ఆవిడకి ఎన్నడూ తోచలేదు. తెలుగింట పుట్టిన ఏ ఆడదానికి తోస్తుంది? పసుపు రాస్తే వస్తువు శుభ్రపడుతుంది గాని మాసిపోతుందా? బావ నోట్లు మళ్ళీ అట్టలో సర్ది, బాగా పెట్టావని ఆవిడతో చెప్పి, పటం చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. గడప దాటాక నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

అమ్మన్నమ్మని ఆరోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను. మామూలుగా నా ఒక మాటకి నాలుగు అనే మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడిపోయింది. నాకింకా భయం వేసింది.

మర్నాడు బావా నేనూ న్యూమార్కెట్ వైపు విదేశీ డబ్బు మార్చే దుకాణానికి వెళ్ళాం. కౌంటరులో కుర్రవాడు మర్యాదస్తుడే. నోటుని వెలుగులో పెట్టి చూసి, "దాగ్ ఆఛే, కాకు" అన్నాడు. మరకుంది బాబాయ్ అని. రూపాయల్లోకి మార్చమంటే మార్చగలడట, కాని బాగా తగ్గించి. ఎంతని అడిగితే, నూటికి డెబ్బై డాలర్ల లెక్కన అన్నాడు. పోనీ తగ్గించే తీసుకుని వాటికి బదులు శుభ్రమైన డాలర్లు ఇస్తావా అని నేనడిగాను. అతను బావ పాస్‌పోర్టు తిరగేశాడు. విదేశీయుల దగ్గర మేం డాలర్లు కొంటాం గాని వాళ్ళకి అమ్మడానికి చాలా నియమాలున్నాయన్నాడు. మీరెప్పుడో ఇక్కడ డాలర్లు మార్చినట్టు రసీదుండాలన్నాడు. బావ ఆరేళ్ళలో ఒక్క డాలరు మార్చలేదు. ముట్టుకోనే లేదు గదా.

నేను కేకలేశాను. ఇదేం న్యాయం, మా దగ్గర తీసుకునేటప్పుడు లేని నియమం ఇచ్చేటప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందని బెంగాలీలో, హిందీలో, ఆఖరికి తెలుగులో కూడా అరిచాను. కుర్రవాడు ఓపిగ్గా విన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా ఓపిగ్గా విన్నారు. నా అరుపులో పస లేదని నాకే తెలిసిపోయింది. బావ నా మోచెయ్యి తాకి, పద అన్నాడు. ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. అదే మాట.

ఇంటికొచ్చాక నేను స్నానానికెళ్ళిన కాసేపట్లో బావ ఒక పని చేశాడు. కుళాయి దగ్గర కూర్చుని ఒక నోటు మూలకి బట్టల సబ్బు తడి చేసి, దూదితో మెల్లగా అద్దాడు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో పసుపు చీర ఉతికిన ఎవరినడిగినా చెబుతారు. అతనడగలేదు. నేను బయటికొచ్చేసరికి అతని చేతిలో నోటు మూల రక్తం అంటినట్టు ఎర్రగా ఉంది. దాన్ని నాకేసి చాపాడు, చిన్నపిల్లవాడు దెబ్బ చూపించినట్టు.

అప్పుడు అమ్మన్నమ్మ లేచింది. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది, చీర మీద మరకైనా అంతే, నీళ్ళు తగలనివ్వద్దు అంది. ఆవిడ మొహంలో పట్టుదల చూసి మేం మాట్లాడలేదు. అప్ప మెట్లెక్కలేదు గనక డాబా మీద ఏం జరిగినా ఆవిడకి తెలియదు. వడియాలు పెడుతున్నామని చెప్పాం. నిజంగానే పెట్టాం, ఎవరైనా పైకొచ్చి చూస్తే ఉండాలి గదా. ఒక పక్క పాత చీర మీద గుమ్మడి వడియాలు, ఇంకో పక్క ఊడిపోయిన కిటికీ అద్దం కింద పది నోట్లు, అద్దం నాలుగు వైపులా ఇటుకలు. పక్కవాటా ఘోష్‌గారి భార్య బట్టలారేయడానికొచ్చినప్పుడల్లా అమ్మన్నమ్మ ఆ అద్దం మీద కొంగు పరుచుకుని కూర్చునేది. ఎన్ని బొడీలు పెడతారమ్మా మీరు అని, వడియాలని వాళ్ళలా అంటారు, ఆవిడ ఆశ్చర్యపోయేది.

రోజూ పొద్దున్నే పైకెళ్ళి, ఎండ పోయేదాకా ముగ్గురం కాపలా కూర్చునేవాళ్ళం. ఓడరేవు వైపు నుంచి గాలి వీచేది. కాకులు వడియాల మీదికొస్తే బావ లేచి తోలేవాడు. మధ్యమధ్య అద్దం మీదికి వంగి, పసుపు ఏ మాత్రం వదిలిందో చూసుకునేవాడు. ఆ రోజుల్లో అతను నాతో మౌల్మేన్ గురించి చెప్పాడు. మిద్దె మీంచి నది కనిపిస్తుందట. వంటింటి కిటికీ పక్కన అప్ప వేసిన కరివేపాకు చెట్టు ఇంటి కప్పు దాటిందట. ఆ వ్యాపారి ఎండుచేపలు ఏ గదిలో ఆరేస్తున్నాడో అని వాపోయాడు. నేను వింటూ ఉన్నాను. నాకైతే ఆ ఇల్లు చూసినట్టే ఉంది, ఇవాళ్టికీ.

పసుపు నిజంగానే పోయింది. అమ్మన్నమ్మ చెప్పినట్టే వెలిసి, లేతగా అయి, చివరికి వెతికితేగాని కనిపించనంత అయింది. కుంకుమ పోలేదు. ఎండకి ఎరుపు తగ్గి గులాబీ రంగుకి తిరిగింది, అంతే. సబ్బు పెట్టిన నోటు మూల గోధుమరంగు కాలిన మచ్చలా మిగిలింది. అమ్మన్నమ్మ మాత్రం ఎవరికీ ఏమంత కనిపించదంది. కనిపించదని నేనూ అన్నాను.

ముందే చూపించుకోవడం మంచిదని నోట్లకి ఫొటోలు తీసి జయదేవ్‌కి పంపాం. అతను వాటిని చేపల వ్యాపారికి చూపించాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వ్యాపారి చెడ్డవాడేం కాదట. చాలాసేపు చూసి, నేను తీసుకుంటాను సరే, తర్వాత నా దగ్గర ఎవరు తీసుకుంటారు అన్నాడట. మరక లేని నోట్లు వచ్చేదాకా ఇల్లు వదలలేనన్నాడట. జయదేవ్ తను ఉంటున్న ఒంటిగదిలో చోటు చేస్తానన్నాడు. అతని గదిలో ఇప్పటికే అయిదుగురున్నారు. విమానానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

బావ ఫోన్ నా చేతికిచ్చి డాబా మీదికెళ్ళిపోయాడు. వడియాలూ లేవు, నోట్లూ లేవు, అక్కడేం చేస్తాడు? వెళ్ళి ఆ ఇటుకల పక్కన కూర్చున్నాడని అమ్మన్నమ్మ తర్వాత చెప్పింది. ఆవిడ కూడా అతని వెనకే వెళ్ళింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి అప్ప నన్ను పిలిచింది. గదిలో సాంబ్రాణి వాసన. ఏనుగు నోటు లక్ష్మీదేవి ముందు ఉంది, తాజా పసుపుతో. ఇన్ని వారాల పసుపుకి నోటు సగం పచ్చబడింది. ప్రయాణానికి కట్టిన సంచి మంచం కింద ఉంది. ఆవిడ ఆయాసపడుతూ పళ్ళెంలో కర్పూరం వెలిగించింది. బుగ్గలకి వాళ్ళ దేశపు చెక్క అరగదీసిన గంధం రాసుకుంది, పండగ రోజుల్లో తప్ప రాసుకోదు.

"మీ బావ ఇయ్యాల పోన్ మాటాడి ఏటీ సెప్పకుండా పైకెల్లిపోనాడు. నువ్వు సెప్పు తమ్ముడూ. మన డబ్బులెలగున్నాయి?"

ఆ అబద్ధానికి బావని ఎన్ని చివాట్లు పెట్టానో మీకు చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. నా నాలుక నా మాట వినలేదు.

"లేసింది అప్పా. కొంచెం" అన్నాను.

ఆవిడ తలూపింది. కర్పూరం మండుతోంది. ఆవిడ దాన్ని చూస్తూ, కూరల లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"దీపావళి కాడినుంచీ వారం వారం లేస్తన్నాదంటన్నారు గదా. ఈపాటికి మనమొచ్చినప్పటి రేటుకి వొచ్చీసుండాల" అంది. "మరెందుకెల్లిపోతన్నాం తమ్ముడూ?"

యూనియన్ ఆఫీసులో బల్ల కొట్టినవాణ్ణి, డబ్బు మార్చే దుకాణంలో మూడు భాషల్లో అరిచినవాణ్ణి, అప్ప ముందు ఒక్క భాషలోనూ నోరు పెగల్లేదు. ఏడుపొచ్చింది. అది కనబడకుండా తల వంచుకున్నాను. పైనుంచి డాబా మీద ఎవరో ఇటుక జరిపిన చప్పుడు వినిపించింది. ఆవిడ కూడా విని పైకి చూసింది. చూసి, ఏదో అర్థమైనట్టు మెల్లగా ఊపిరి వదిలింది.

"సర్లే. హారతి తీసుకో, ఆరిపోతాది" అంది.

కళ్ళకద్దుకున్నాను. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, కుంకుమ భరిణె మూత జాగ్రత్తగా బిగించి, నా చెయ్యి పట్టుకుంది.

"నానడిగినానని మీ బావకి సెప్పకు" అంది.